ఖాళీ అంటే ఏమిటో నేర్చుకునే ఛార్జింగ్ ప్యాడ్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

విద్యుత్ కారును తీగ తగిలించకుండా ఛార్జ్ చేసే ప్యాడ్ ఒకదాన్ని ఎనిమిది నెలలుగా ఇంట్లో వాడుతున్నాను. ఇది 11 కిలోవాట్ల తరగతికి చెందినది. కారు నిలిపే చోట నేల మీద బిగించి ఉంటుంది. కారు అడుగున అమర్చిన రిసీవర్ సరిగ్గా దాని మీదికి వచ్చి నిలిస్తే, రెండింటి నడుమ ఉన్న జానెడు ఖాళీ గుండా విద్యుత్తు బ్యాటరీకి చేరుతుంది. ఛార్జింగ్ వేగం, సౌకర్యం, అమరిక ఖర్చు వంటి విషయాల మీద సమీక్షలు చాలానే వచ్చాయి కాబట్టి నేను వాటి జోలికి పోవడం లేదు. నేను రాస్తున్నది ఒకే ఒక్క భాగం గురించి: ప్యాడ్‌కూ కారుకూ మధ్య పరాయి వస్తువేదైనా పడి ఉంటే దాన్ని కనిపెట్టి విద్యుత్తును ఆపవలసిన వ్యవస్థ గురించి. అది మెషీన్ లెర్నింగ్‌తో పనిచేస్తుందని తయారీ సంస్థ పెట్టె మీదే పెద్ద అక్షరాలతో ముద్రించింది. ఆ మాట నిజమే. అయితే ఆ యంత్రం ఏమి నేర్చుకుంటోంది, ఎవరి దగ్గర నేర్చుకుంటోంది అన్న ప్రశ్నకు జవాబు పెట్టె మీద లేదు. అది నాకు అనుభవం మీదే తెలిసింది. సంస్థ పేరు రాయడం లేదు. నేను చూసిన లోపం ఒక సంస్థ అజాగ్రత్త వల్ల వచ్చినది కాదనీ, ఈ పద్ధతిలో తయారయ్యే ఏ ప్యాడ్‌కైనా రాగలదనీ నా అభిప్రాయం.

ఈ రక్షణ ఎందుకు కావాలో ముందుగా చెప్పుకోవాలి. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే దానిలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, వాటి వల్ల ఆ ముక్క వేడెక్కుతుంది. అయస్కాంత ధ్రువాల నడుమ రాగి బిళ్లను తిప్పడానికి ఎక్కువ బలం అవసరమవుతుందనీ, ఆ బిళ్ల వేడెక్కుతుందనీ ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో 1855లోనే చూపించాడు. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కేదీ ఈ సూత్రంతోనే. కార్ల వైర్‌లెస్ ఛార్జింగ్‌కు వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ 2020లో వెలువరించిన జె2954 ప్రమాణం ప్రకారం ఈ ప్యాడ్లు 85 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం చుట్టుపక్కల పనిచేస్తాయి, అంటే అయస్కాంత క్షేత్రం సెకనుకు 85 వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంత వేగంలో మామూలు ఉక్కులోకి ప్రవాహం మిల్లీమీటరులో పదో వంతు లోతు కూడా దిగదు. పైపొరలోనే తిరుగుతూ అక్కడే వేడిని కక్కుతుంది. లావుపాటి మేకు వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది, ఎందుకంటే ఆ వేడి దాని లోపలికి పాకి సర్దుకోగలదు. బరువే లేని పలుచటి రేకుకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల చూడటానికి భయపెట్టే పెద్ద పానా కంటే, మాత్రల అట్ట వెనుక ఉండే రేకు ముక్క గానీ లోపలి వైపు వెండిలా మెరిసే రేకు అంటించిన కాగితం గానీ ఎక్కువ ప్రమాదకరం. కాగితం పక్కనే ఉంది కనుక అది అంటుకోవడానికి ఇంకేమీ అవసరం లేదు. పరాయి వస్తువు అనగానే మన మనసులో నాణెమో స్పానరో మెదులుతుంది. ఈ ప్యాడ్‌ను పరీక్షించేటప్పుడు మొదట్లో నేనూ అలాగే ఆలోచించాను.

మరి పంపిన విద్యుత్తు ఎంత, అందిన విద్యుత్తు ఎంత అని లెక్క చూసుకుంటే సరిపోదా అని అడిగేవారు ఉంటారు. ఫోన్ల ఛార్జింగ్ ప్యాడ్లు చాలాకాలం ఆ లెక్కనే నమ్ముకున్నాయి, వాటికి అది సరిపోయింది కూడా. ఐదు వాట్లు పంపేచోట ఒక వాటు గల్లంతైతే వెంటనే తెలిసిపోతుంది. పదకొండు వేల వాట్లు పంపేచోట పరిస్థితి వేరు. మొత్తం దక్షత నూటికి తొంభై అనుకుంటే దారిలో మామూలుగా ఖర్చయ్యే విద్యుత్తే 1,100 వాట్లు ఉంటుంది. కొలిచే పరికరంలో నూటికి ఒక్క వంతు తేడా ఉన్నా అది 110 వాట్లు. నాణెం మింగే పది ఇరవై వాట్లు ఆ తేడాలోనే కలిసిపోతాయి. కారు కాస్త పక్కకు నిలిచినా దక్షత మారుతుంది కాబట్టి ఆ లెక్క మరింత మసకబారుతుంది. సంత గోలలో గుసగుస వినాలని ప్రయత్నించడం లాంటిదే ఇది. అందుకే కార్ల ప్యాడ్లు ఈ లెక్కను ఒక అదనపు ఆధారంగా ఉంచుకుని, అసలు కనిపెట్టే పనిని వేరే ఏర్పాటుకు అప్పగిస్తాయి.

నా ప్యాడ్‌లోని ఏర్పాటు ఇది. పైమూతకు అడుగున చిన్న చిన్న తీగచుట్టలు గళ్ల గళ్లుగా పరిచి ఉంటాయి. విద్యుత్తును పంపే పెద్ద చుట్ట వేరు, ఇవి వేరు. వీటి పని తడిమి చూడటమే. ఛార్జింగ్ మొదలుకాకముందు ప్రతి చుట్ట లోకీ అతి తక్కువ సంకేతాన్ని పంపి దాని ప్రేరకత్వమూ (ప్రవాహంలో వచ్చే మార్పును చుట్ట అడ్డుకునే గుణం) నిరోధమూ ఎంత ఉన్నాయో కొలుస్తుంది. మీద అల్యూమినియమో రాగియో పడి ఉంటే వాటిలో పుట్టే సుడి ప్రవాహాలు ఎదురు తిరిగి ప్రేరకత్వాన్ని తగ్గిస్తాయి. అయస్కాంతానికి అతుక్కునే ఉక్కు లాంటి లోహం ఉంటే అది క్షేత్రాన్ని తనలోకి లాక్కుని ప్రేరకత్వాన్ని పెంచుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ఉక్కులో ఆ రెండు గుణాలూ ఉంటాయి: ఒకటి పెంచితే మరొకటి తగ్గిస్తుంది. వస్తువు ఆకారం, అది పడుకున్న తీరు, కొలిచే పౌనఃపున్యం కలిసి వస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి దాదాపుగా కొట్టేసుకోగలవు. అప్పుడు ప్రేరకత్వం వైపు మాత్రమే చూసేవారికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. నిరోధాన్ని కూడా కొలవడం, ఒకటికి మించిన పౌనఃపున్యాల వద్ద కొలవడం అందుకే అవసరం. నా ప్యాడ్ ఈ రెండూ చేస్తుందని దాని సాంకేతిక పత్రంలో ఉంది, పరీక్షల్లో కూడా అలాగే కనిపించింది. ఛార్జింగ్ మొదలైన తర్వాత అదే చుట్టలు జతలు జతలుగా మారి పెద్ద క్షేత్రాన్ని గమనిస్తూ ఉంటాయి: జతలో రెండు చుట్టలూ ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టి ఉంటాయి కనుక వాటి వోల్టేజీలు మామూలుగా రద్దయిపోతాయి, ఒక పక్కన లోహం వచ్చి చేరితే సమతూకం చెడి వోల్టేజీ పైకి తేలుతుంది. రెండు చుట్టల సరిహద్దు మీద సరిగ్గా నడిమధ్యలో పడిన వస్తువు రెండు పక్కలనూ సమానంగా చెరుపుతుంది కాబట్టి దీనికి కనపడదు. దానికి విరుగుడుగా సగం గడి పక్కకు జరిపిన రెండో పొరను వేశారు. ఈ రెండో పొర విషయంలో తయారీ సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఇంతవరకూ మెషీన్ లెర్నింగ్ ఊసు రాలేదు. అది రావలసిన చోటు ఇప్పుడు వస్తుంది. పైన చెప్పిన కొలతలన్నీ ఒక పోలికను ఆధారం చేసుకున్నవి: ప్యాడ్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత. కానీ ఖాళీ ప్యాడ్ కొలత ఎప్పుడూ ఒకేలా ఉండదు. రాగి నిరోధం ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నపు ఎండకూ మధ్య ప్యాడ్ ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల తేడా ఉంటే నిరోధంలో దాదాపు 12 శాతం తేడా వస్తుంది. ఒక చిన్న రేకు ముక్క తెచ్చే మార్పు ఇందులో ఏ మూలకూ రాదు. కారు అడుగు భాగం కూడా లోహమే. అది ఎంత ఎత్తులో ఉంది, రిసీవర్ ఎంత పక్కకు ఒరిగింది అన్నదాన్ని బట్టి చుట్టలన్నిటి కొలతలూ కదులుతాయి. జె2954 ప్రమాణమే నేలకూ కారుకూ మధ్య ఎడాన్ని 100 మిల్లీమీటర్ల నుంచి 250 మిల్లీమీటర్ల దాకా మూడు తరగతులుగా విడగొట్టిందంటే కారుకూ కారుకూ ఎంత తేడా ఉంటుందో ఊహించవచ్చు. నేల కాంక్రీటు లోపలి ఇనుప చువ్వలు, వాన నీటి పొర, చుట్టల మధ్య చేరే తేమ, వీటన్నిటి వల్లా కొలతలు ఎంతో కొంత చెదురుతాయి. ఇంతకు మించితే ఆపు అని ఒకే గీత గీస్తే, ఆ గీతను పైన గీస్తే రేకు తప్పించుకుంటుంది, కిందికి దించితే ఎండ కాసిన ప్రతి రోజూ ఛార్జింగ్ ఆగిపోతుంది.

నేర్చుకునే యంత్రం ఇక్కడ చేసేదేమిటంటే, ఒక్కో కొలత పరిమాణాన్ని కాకుండా కొలతలన్నీ కలిసి ఏర్పరిచే బొమ్మను చూస్తుంది. వేడి వల్ల వచ్చే మార్పు గళ్లన్నిటిలోనూ కలిసి కదులుతుంది. కారు పక్కకు ఒరిగితే ఒక వైపు నుంచి మరో వైపుకు వాలుగా మారుతుంది. వస్తువు పడితే ఒకటి రెండు గళ్లలో మాత్రం బొడిపెలా పొడుచుకొస్తుంది. దుప్పటి కింద గోలీ ఉంటే దుప్పటి ఎత్తుపల్లాలతో నిమిత్తం లేకుండా చెయ్యి దాన్ని పట్టుకున్నట్టే. ఫొటోలలోని ఆకారాలను గుర్తించే కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్ తరహా పద్ధతులు ఈ గళ్ల బొమ్మకు చక్కగా నప్పుతాయి. మరో మార్గం కూడా ఉంది: ఏయే వస్తువులు ఎలా కనిపిస్తాయో నేర్పకుండా, ఖాళీ ప్యాడ్ ఎన్ని రకాలుగా కనిపించగలదో మాత్రమే నేర్పి, దానికి భిన్నంగా ఉన్నదాన్నల్లా అనుమానించమనడం. లోకంలోని లోహపు ముక్కలన్నిటినీ ముందే చూపించడం ఎవరికీ సాధ్యం కాదు కనుక ఈ రెండో మార్గం తెలివైనదే. నా ప్యాడ్ రెండింటినీ కలిపి వాడుతుంది. కర్మాగారంలో వస్తువుల గురించి నేర్చుకుని వస్తుంది, మన ఇంట్లో బిగించిన తర్వాత ఖాళీ గురించి నేర్చుకుంటుంది.

మొదటి రెండు వారాల్లో నేను చేసిన పరీక్షలను చెబుతాను. అగ్నిమాపక సిలిండర్‌ను పక్కన పెట్టుకుని, ప్యాడ్ వస్తువును పట్టుకోలేకపోతే విద్యుత్తు పెరగకముందే ఆపివేసే ఏర్పాటు చేసుకుని మరీ చేశాను; తోచినట్టుగా చేసి చూడదగ్గ పని కాదిది. నాణేన్ని ప్యాడ్ మీద ఎక్కడ పెట్టినా, అంచున పెట్టినా, సరిహద్దు గీత మీద పెట్టినా ప్రతిసారీ పట్టుకుంది. మేకులు, నట్లు, పానీయపు డబ్బా, తాళంచెవి, గిన్నెలు తోమే ఇనుప పీచు, అన్నీ దొరికిపోయాయి. ఇనుప పీచును పట్టుకోవడం చూసి నిజంగా సంతోషించాను, ఎందుకంటే సన్నని పోగులుగా ఉండే ఆ వస్తువు ఎంత సులువుగా నిప్పు రాజుకుంటుందో తెలిసినవారు దాన్ని తేలిగ్గా తీసుకోరు. జెమ్ క్లిప్పును పడుకోబెడితే పట్టుకుంది, ప్యాడ్ అంచున నిలువుగా గుచ్చి ఉంచితే వదిలేసింది. క్షేత్రం దిశకు ఏ వైపు తిరిగి ఉన్నదనే దాని మీద తీగలాంటి వస్తువు చూపించే ప్రభావం ఆధారపడుతుంది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. స్టేపుల్ పిన్నును ఎక్కడా పట్టుకోలేదు. దాన్ని నేను పెద్ద తప్పుగా లెక్కించడం లేదు. అంత చిన్న ముక్కకు కూడా ఆగిపోయేలా చేస్తే మిగతా రోజుల్లో మనం వేగలేం. మాత్రల అట్ట రేకును అరచేతి సగం వెడల్పున పెడితే ప్రతిసారీ పట్టుకుంది. ఒక్క మాత్ర గూడు మేర కత్తిరించి పెడితే పదిసార్లలో ఎనిమిదిసార్లు పట్టుకుంది, తప్పిపోయిన రెండుసార్లూ ముక్క ప్యాడ్ అంచునే ఉంది. ఆ వారాల్లో ఎవరైనా అడిగి ఉంటే ఈ వ్యవస్థకు నేను పూర్తి మార్కులు వేసి ఉండేవాణ్ణి.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఇంట్లో రెండో కారు కూడా అదే ప్యాడ్ మీదికి రావడం మొదలైంది. అది కాస్త ఎత్తైన కారు. కారు మారిన మొదటి కొద్ది రోజులు రోజు విడిచి రోజు తప్పుడు హెచ్చరిక వచ్చేది, ఏమీ లేని ప్యాడ్ మీద ఏదో ఉందని ఆగిపోయేది. వాన వెలిసిన మరుసటి ఉదయాల్లోనూ అంతే. లోహపు ఆనవాలుతో పోలిస్తే వాననీరు అయస్కాంతపరంగా లెక్కలోకి రాదు గానీ, చుట్టల తీగల మధ్య ధారకతను, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచే గుణాన్ని మారుస్తుంది; తడిమి చూడటానికి వాడే పౌనఃపున్యం ఎక్కువైన కొద్దీ ఆ ప్రభావం తెలుస్తుంది. హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఫోన్‌లో రెండు మీటలు కనిపిస్తాయి: 'వస్తువును తీసేశాను', 'ఏమీ లేదు'. రెండో మీటను నొక్కితే ప్యాడ్ ఆ కొలతను ఖాళీకి మరో నమూనాగా గుర్తుపెట్టుకుంటుంది. రెండు మూడు వారాల్లో తప్పుడు హెచ్చరికలు బాగా తగ్గిపోయాయి. యంత్రం మా ఇంటికి అలవాటు పడుతోందని అప్పుడు ముచ్చటపడ్డాను.

ఈ మీట గురించి కొంచెం ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ ఉత్పత్తి మంచిచెడ్డలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. రోజుకు ఒకసారి చొప్పున ఏడాదికి 365 సార్లు ఛార్జ్ చేస్తామనుకుందాం. వంద పరిశీలనలకు ఒక్కసారి మాత్రమే పొరపాటున హెచ్చరిస్తుందనుకుందాం. అది ఎంతో మంచి యంత్రం కిందే లెక్క. అయినా ఏడాదికి మూడో నాలుగో తప్పుడు హెచ్చరికలు వస్తాయి. నిజంగా ప్రమాదకరమైన లోహం ప్యాడ్ మీదికి చేరడం మామూలు ఇంట్లో ఏడాదికి ఒకసారో రెండుసార్లో జరుగుతుందనుకుంటే, యంత్రం ఒక్క వస్తువును కూడా వదలకపోయినా, వచ్చే హెచ్చరికల్లో సగానికి పైగా తప్పుడువే అవుతాయి. అరుదైన దాన్ని వెతికే ఏ వ్యవస్థకైనా ఈ లెక్క తప్పదు, దీనికి తయారీ సంస్థను నిందించి లాభం లేదు. కానీ మనిషి ఈ లెక్కకు ఎలా స్పందిస్తాడో సంస్థ ఆలోచించి ఉండవలసింది. నాలుగుసార్లు వంగి చూసి ఏమీ కనబడని మనిషి ఐదోసారి వంగడు, నేరుగా మీట నొక్కుతాడు. ఆ మీట నొక్కడం ఆ ఒక్క రాత్రికే పరిమితమైతే నష్టం కొంతే. అది యంత్రానికి పాఠంగా మారినప్పుడు మాత్రం, మన బద్ధకాన్ని యంత్రం జ్ఞానంగా దాచుకుంటుంది.

నాకు జరిగింది అదే. ఐదో నెలలో, వాన వెలిసిన ఒక సాయంత్రం హెచ్చరిక వచ్చింది. వంగి చూశాను. ప్యాడ్ అంచున తడి ఆకు ఒకటి అతుక్కుని ఉంది. ఆకులో లోహం ఉండదు కదా అనుకుని, తడి వల్ల వచ్చిన హెచ్చరికే అయి ఉంటుందని 'ఏమీ లేదు' నొక్కి లోపలికి వెళ్లిపోయాను. ఆ రాత్రి ఛార్జింగ్ జరిగింది, మర్నాడు రాత్రీ జరిగింది, ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. మూడో రోజు ప్యాడ్‌ను తుడుస్తుంటే ఆకు నడుమ గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ కమిలిన అంచు కనిపించాయి. ఎత్తి చూస్తే కింద చాక్లెట్ చుట్టే రేకు ముక్క ఒకటి కాగితంతో సహా ఇరుక్కుని ఉంది. క్షేత్రం బలహీనంగా ఉండే అంచున పడి ఉండటం వల్లా, ఆకు తడిగా ఉండటం వల్లా అంతటితో పోయింది. ప్యాడ్ నడిమధ్యలో ఎండుటాకు కింద ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ మనసొప్పదు. పట్టుకోవలసిన యంత్రం నిజానికి పట్టుకుంది. తప్పు సమాధానం ఇచ్చింది నేను. కానీ నా ఒక్క తప్పు సమాధానంతో ఆ రేకు ఉన్న ప్యాడ్‌ను ఖాళీ ప్యాడ్‌గా నమోదు చేసుకుని, ఆ తర్వాత రెండు రాత్రులు నిశ్చింతగా విద్యుత్తు పంపడం మాత్రం రూపకల్పనలోని తప్పే.

తయారీ సంస్థకు వివరంగా రాశాను. నేను అడిగినవి మూడు. మొదటిది, ఎక్కడో ఒక గడిలో మాత్రమే పొడుచుకొచ్చిన మార్పును, గళ్లన్నిటా పరుచుకున్న మార్పును ఒకే గాటన కట్టి నేర్చుకోకూడదు. వేడీ తేమా కారు మార్పూ విస్తారంగా కనిపిస్తాయి, వస్తువు ఒకచోట కనిపిస్తుంది, కాబట్టి ఒకచోటి మార్పును మనిషి మాట మీద మాత్రమే ఖాళీగా ఒప్పుకోకూడదు. రెండోది, హెచ్చరిక ఏ గడిలో వచ్చిందో ఫోన్‌లో చూపించాలి. యంత్రానికి ఆ సంగతి తెలుసు, వంగి చూసే మనిషికి చెప్పదు. చెప్పి ఉంటే నేను ఆ ఆకును తప్పకుండా ఎత్తి చూసేవాణ్ణి. మూడోది, నేర్పేటప్పుడు, పరీక్షించేటప్పుడు వాడిన కొలతలను ఎలా విడదీశారు అన్న ప్రశ్న. ఈ రంగంలో పనిచేయని పాఠకుల కోసం దీన్ని విడమర్చి చెబుతాను. ఒకే రోజు, ఒకే నాణేన్ని, ఒకే కారు కింద పెట్టి వెయ్యి కొలతలు తీసి, వాటిలో ఎనిమిది వందలతో నేర్పి, మిగిలిన రెండు వందలతో పరీక్షిస్తే యంత్రానికి నూటికి తొంభై తొమ్మిది వచ్చినా ఆశ్చర్యం లేదు. అది ప్రశ్నపత్రాన్ని ముందే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కుల వంటిది. నేర్పేటప్పుడు చూపని వస్తువుతో, చూపని కారు కింద, మరో రోజు వాతావరణంలో పరీక్షించినప్పుడు వచ్చే ఫలితమే కొనేవాడికి పనికొచ్చే ఫలితం. కరపత్రంలో ముద్రించిన కచ్చితత్వం ఈ రెండింటిలో ఏ పద్ధతిలో వచ్చినదో ఎక్కడా రాయలేదు.

మొదటి రెండింటికీ జవాబు బాగానే వచ్చింది. మూడోదానికి 'అంతర్గత సమాచారం' అన్న ఒక్క మాట వచ్చింది. ఇది నాకు నచ్చలేదు. వాహనాల్లోని ఎలక్ట్రానిక్ వ్యవస్థలు చెడిపోవడం వల్ల కలిగే ప్రమాదాలకు ఐఎస్ఓ 26262 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఏదీ చెడకుండానే, గుర్తించడంలోని పరిమితి వల్ల కలిగే ప్రమాదాలకు 2022లో ఐఎస్ఓ 21448 వచ్చింది. రోడ్డు వాహనాల్లో కృత్రిమ మేధను వాడేటప్పటి భద్రతకు ప్రత్యేకంగా 2024లో ఐఎస్ఓ పీఏఎస్ 8800 వచ్చింది. ప్యాడ్ నేల మీద ఉండే వస్తువు కనుక ఇవి అక్షరాలా దానికి వర్తిస్తాయా లేదా అన్న వాదన పక్కన పెడదాం. వాటి వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఒక్కటే: నేర్చుకునే యంత్రాన్ని రక్షణకు వాడేవారు, దానికి ఏ సమాచారంతో నేర్పారో, అది ఎక్కడ పనిచేయదో ముందుగా తామే తేల్చుకుని, ఆధారంతో చూపించగలగాలి. స్టేపుల్ పిన్ను పట్టుకోలేమని వాడకం పుస్తకంలో ఒక వాక్యం రాసి ఉంటే నాకు ఈ సంస్థ మీద గౌరవం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

పిల్లులు, పసిపిల్లల చేతులు వంటి ప్రాణుల సంగతి వేరు. తడిమి చూసే చుట్టలకు అవి కనబడవు. ప్రజలు ఉండే చోట ఈ పౌనఃపున్యాలలో అయస్కాంత క్షేత్రానికి 2010 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించిన గరిష్ఠ విలువ 27 మైక్రోటెస్లాలు (క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం). ఛార్జింగ్ జరుగుతుండగా ప్యాడ్‌కూ రిసీవర్‌కూ నడుమ క్షేత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకని ఈ ప్యాడ్ అంచుల్లో చిన్న రాడార్లను అమర్చారు. మా వీధి పిల్లి కారు కిందికి దూరిన ప్రతిసారీ విద్యుత్తు ఆగింది, అది బయటికి వచ్చాక మళ్లీ దానంతటదే మొదలైంది. గాలికి ఎగిరివచ్చిన ప్లాస్టిక్ సంచికి కూడా ఒకసారి ఆగింది. ఈ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇక కొనాలా వద్దా అన్న ప్రశ్న. కారు నిలిపే చోటు కప్పు కింద ఉండి, ఒకే కారు వాడేవారికి ఈ రక్షణ ఇప్పుడున్న స్థితిలోనూ నమ్మదగినదే. చెట్టు కింద, ఆరుబయట, రెండు మూడు కార్లు మారే చోట బిగించేవారు మాత్రం 'ఏమీ లేదు' మీటను నొక్కే ముందు ప్రతిసారీ ప్యాడ్‌ను ఒక గుడ్డతో ఆసాంతం తుడవాలని, కళ్లతో చూసి సరిపెట్టుకోవద్దని నా సలహా. చీపురుతో ఊడిస్తే చాలదు. తడి రేకు చీపురుకు లొంగదు. అలాగే పాత మీట నొక్కులన్నిటినీ చెరిపివేసి ప్యాడ్‌ను మొదటి రోజు స్థితికి తెచ్చే ఏర్పాటు సెట్టింగులలో లోతుగా ఒకచోట ఉంది. ఇప్పటికే వాడుతున్నవారు ప్యాడ్‌ను శుభ్రంగా తుడిచి ఒక్కసారి దాన్ని వాడటం మంచిది. తర్వాత కొన్నాళ్లు తప్పుడు హెచ్చరికలు మళ్లీ పెరుగుతాయి, వాటిని ఓర్చుకోవాలి.

ఏడో నెల చివర్లో సాఫ్ట్‌వేర్ మార్పు ఒకటి వచ్చింది. దాని తర్వాత, ఒకే చోట పొడుచుకొచ్చిన మార్పుకు 'ఏమీ లేదు' నొక్కితే ప్యాడ్ వెంటనే ఒప్పుకోవడం లేదు; పది నిమిషాలు ఆగి మళ్లీ తడిమి చూస్తుంది, మార్పు అక్కడే ఉంటే విద్యుత్తు పంపదు, ఆ కొలతను పాఠంగా దాచుకోదు. ఫోన్‌లో ప్యాడ్ బొమ్మ కూడా కనిపిస్తోంది, అనుమానం ఉన్న గడి ఎర్రగా మెరుస్తుంది. కమిలిన ఆ ఆకునూ రేకునూ నేను ఒక డబ్బాలో దాచి ఉంచాను. మార్పు వచ్చిన రోజే పాత పాఠాలన్నీ చెరిపివేసి, ఆ రేకును తీసి ప్యాడ్ అంచున అదే చోట పెట్టి, మీద తడి ఆకు ఒకటి కప్పి, కారును నిలిపాను. మొదటి పరిశీలనలోనే ఆగిపోయింది. కావాలనే 'ఏమీ లేదు' నొక్కి పది నిమిషాలు వేచి చూశాను. విద్యుత్తు రాలేదు. బొమ్మలో కుడిచేతి వైపు చివరి గడి ఎర్రగానే ఉంది, ఆకు సరిగ్గా అక్కడే ఉంది.